గుహలో వెనక్కి అందించే మాట

మనవాళ్ళకి గుహ అంటే గుడే. జయపురంలో మా ఇంటి పిల్లలంతా గుప్తేశ్వరం, బొర్రా చూసి పెరిగినవాళ్ళు. రెండుచోట్లా సున్నపురాయి గుహ, లోపల శివలింగం. కిందటేడు మలేషియా వెళ్ళినప్పుడు మాత్రం కొబ్బరికాయకి బదులు హెల్మెట్టు, తలదీపం పట్టుకుని గుహలోకి దిగాం.

ఆ చోటు బోర్నియో దీవిలో, సారవాక్ రాష్ట్రంలో ఉన్న ములు. రోడ్డు లేదు, మిరి నుంచి చిన్న విమానంలో వెళ్ళాం. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన అడవి అది. అక్కడి క్లియర్‌వాటర్ గుహను ఇప్పటికి 200 కిలోమీటర్లకు పైగా కొలిచారు. డీర్ గుహలోంచి సాయంత్రాలు లక్షల గబ్బిలాలు పొగలా బయటికొస్తాయి. వీటికి చెక్కదారులున్నాయి. మేం దిగిన రేసర్ గుహలో చెక్కదారీ లేదు, దీపాలూ లేవు. గబ్బిలాల్నీ, స్విఫ్ట్‌లెట్ పిట్టల్నీ తినే పాము పేరే ఆ గుహకి పెట్టారు.

మా గైడు బెరవాన్ జాతివాడు. ఇంట్లో బెరవాన్, బయట మలయ్, మాతో ఇంగ్లీషు. మనకి తెలుగు, ఒడియా, హిందీ ఉన్నట్టే. అతను పెట్టిన నియమం ఒక్కటే: ముందున్నవాళ్ళు చెప్పిన హెచ్చరిక విన్నవాళ్ళు వెనకున్నవాళ్ళకి అందించాలి. ఏ భాషలోనైనా సరే.

మా పెద్దకోడలిది తెనాలి. ఆవిడ ముందు నడుస్తూ "గుంట!" అని అరిచింది. వెనకే మా తమ్ముడి కూతురు, పదహారేళ్ళది, "ఏంటి పెద్దమ్మా?" అంటూ మోకాలిదాకా బురదలో దిగిపోయింది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల కదా! ఇంట్లో నాయనమ్మ దాన్ని పిలిచేది అలాగే.

మేం పడీ పడీ నవ్వాం. గైడు మాత్రం నవ్వలేదు. అందర్నీ ఆపి, "ఒక మాటకి అందరికీ ఒకటే అర్థం ఉండాలి, ఇప్పుడే తేల్చుకోండి" అన్నాడు. అక్కడే నిలబడి తేల్చుకున్నాం. గొయ్యి, తల, జారుడు, ఆగు. ఆ నాలుగు మాటలతోనే మిగతా దారంతా నడిచాం.

తాడు పట్టుకుని దిగాల్సిన చోట పిల్ల బిగుసుకుపోయింది. కింద నుంచి వాళ్ళ నాన్న "ఎడమ కాలు... ఇంకాస్త కిందికి... ఆఁ, రాయి తగిలిందా?" అంటూంటే, "తగల్లేదు నాన్నా, అందట్లేదు" అంది. ఇంట్లో తెలుగులో అడిగితే ఒడియాలో జవాబిచ్చే పిల్ల అది. ఆ మాట మేమెవ్వరం పైకి అనలేదు. అంటే మళ్ళీ మానేస్తుందని భయం.

ఊరికొచ్చాక అదే నాయనమ్మ దగ్గర కూర్చుంది. మన మాటలు ఇంకేవి వాళ్ళకి వేరేగా వినిపిస్తాయని అడిగి రాసుకోవడం మొదలెట్టింది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఒడియా అక్షరాల్లో రాస్తోంది. నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి. గుంటకి ఎదురుగా రెండు అర్థాలూ రాసి, పక్కనే బురద కాలు బొమ్మ వేసింది.

మీ ఇళ్ళల్లో ఇలాంటి మాటలుంటే చెప్పండి. అయిదో పేజీ ఖాళీగా ఉంది.