పడవెక్కి పాతకాలానికి

కాలంలో వెనక్కి పోవాలంటే యంత్రం వుండాలని మనందరి నమ్మకం. మీటలుండాలి, దీపాలు మినుకుమినుకుమనాలి, కాస్త పొగ కూడా రావాలి. 1955లో చెకోస్లొవేకియాలో కారెల్ జెమాన్ తీసిన 'ఆదిమకాలానికి ప్రయాణం' సినిమాలో యివేవీ లేవు. నలుగురు కుర్రాళ్ళు, ఒక పడవ, ఒక నది. అంతే! గుహ దాటేసరికి మంచుయుగం. తెడ్డు వేసేకొద్దీ కాలం వెనక్కి జరుగుతుంది. మొదట మామత్ ఏనుగులు, ఆ తరవాత రాక్షసబల్లులు. అన్నీ బొమ్మలే! కొన్నిటిని ఫ్రేము ఫ్రేముకూ కదిపి తీశారు.

"మిషనేదీ తాతయ్యా?" అని మా మనవడు కాసేపు గునిశాడు. తరవాత నోరు మెదపలేదు.

ఇంతకీ వాళ్ళు బయల్దేరింది రాక్షసబల్లుల కోసం కాదండోయ్! అందరిలోకీ చిన్నవాడి దగ్గర రాయిగా మారిన ట్రైలోబైట్ వుంది. పురుగులాంటి సముద్రప్రాణి. దాని వంశం 25 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించింది. బతికున్నదాన్ని చూడాలని వాడి పంతం. మనమైతే "చచ్చినదాన్ని ఎక్కణ్ణించి తెమ్మంటావురా" అని కసిరేవాళ్ళం. సినిమా కసరలేదు. చివరికి ఆదిసముద్రం ఒడ్డున, చేతిలో రాయి, ఎదురుగా ప్రాణమున్న ట్రైలోబైట్!

మన రోళ్ళపాడు గడ్డినేలల్లో బట్టమేకపిట్ట కనబడడమే గగనమైపోయింది. రేపు మనవడు "బతికున్నది చూపించు తాతయ్యా" అంటే, తీసుకుపోవడానికి నా దగ్గర పడవ లేదు.