నిలురాళ్ల నీడ

ఎండాకాలం సెలవులొస్తే కృష్ణా స్టేషన్‌లో రైలు దిగి మా అవ్వగారి ఊరు ముడుమాల్‌కు పోయేవాళ్లం. ఏరు దాటితే రాయచూరు సీమ. అందుకేనేమో, అవ్వకు కోపమొస్తే తిట్లన్నీ కన్నడంలోకి తిరిగేవి.

పొద్దున్నే సద్ది తిని మేకల వెంబడి నిలురాళ్ల దిక్కు బయల్దేరేవాళ్లం. పది పన్నెండు అడుగుల రాళ్లు ఎనభై దాకా నిటారుగా నిలబడి ఉంటాయి. వాటి చుట్టుపక్కల వరసలు కట్టిన చిన్నరాళ్లు వేలల్లో. ఆ బయల్లో చెట్టు నీడ దొరకదు, రాతి నీడే గతి. అదీ ఒక్కరికి సరిపోయేంత సన్నం. పొద్దుతోపాటు నీడ జరిగేది, నీడతోపాటు మేము. ఆ కాస్త జాగా కోసం ఎన్ని తన్నులాటలో!

అవన్నీ ఒకప్పుడు మనుషులేననేది అవ్వ. శాపం తగిలి ఎక్కడివాళ్లక్కడ రాళ్లయ్యారట. మరి చిన్నరాళ్లేమిటంటే, "వాళ్ల గొడ్లు" అని తడుముకోకుండా చెప్పేది. ఒక రాయిని మాత్రం ఊరు ఎల్లమ్మగా కొలుస్తుంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ ఆ రాతికే.

అక్కడే ఒక బండ మీద వేలితో నొక్కినట్టు చిన్నచిన్న గుంటలు. లోపల నున్నగా ఉంటాయి. వాటిలో చింతగింజలు పెట్టి ఆడేవాళ్లం. హైదరాబాదు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు ఏళ్ల తరబడి అక్కడ పరిశోధించి, ఆ గుంటల్లో సప్తర్షి మండలాన్ని పోల్చుకున్నారు. పై రెండు గుంటలూ కలుపుతూ గీత గీస్తే ధ్రువనక్షత్రం దిక్కు చూపుతుందట. రాళ్ల వయసు 3,500 ఏళ్లకు తక్కువ ఉండదంటారు. కొన్ని వరసలు అయనాలు మారే రోజుల్లో పొద్దు పొడిచే దిక్కుకు సూటిగా ఉన్నాయన్న సంగతి చదివినప్పుడు నాకేమీ వింతగా తోచలేదు. ఆ నీడల వెంట జరిగి జరిగి పెరిగినవాళ్లం మరి.

2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. సంతోషమే. కానీ అన్నాళ్లూ ఆ రాళ్లను కాపాడింది ఏ జాబితానో కాదు, అవ్వలాంటివాళ్ల భయభక్తులు. అయినా చదును చేసి దున్నుకున్న చోట చాలా రాళ్లు పోయాయి. మా తాత కూడా ఒకసారి, పొలం గట్టున ఒరిగిపోయిన రాయిని అరుగుకు మెట్టుగా వేద్దామని బండి కట్టబోయాడు. అవ్వ అడ్డం నిలబడింది. "ఎవరి తాతనో ఏమో, తెచ్చి మన వాకిట్ల పండబెడ్తమా? నేను తొక్క!" అంది. ఇక తాత ఏం మాట్లాడతాడు? అరుగుకు షాబాదు బండ కొనుక్కొచ్చాడు.