మహాలక్ష్మి మైదానమున తెల్లకంచె

ముంబయి నగరమున మహాలక్ష్మీదేవిని సేవింపబోవు యాత్రికులు, సముద్రమధ్యముననున్న హాజీ అలీ దర్గాను గాంచి మరలుదురే కాని, చేరువనేయున్న విశాలమైన పచ్చికబయలును గూర్చి విచారించువారు తక్కువ. అది 1883వ సంవత్సరమున వెలసిన గుఱ్ఱపు పందెముల మైదానము. ప్రఖ్యాతిగన్న ‘ఇండియన్ డెర్బీ’ 1943లో మొదలైనది. 2400 మీటర్ల ఆ పందెము ఇచటనే జరుగును. వానకాలమున పందెములు పుణెకు తరలును.

పందెము కాయుట మాకు సమ్మతము గాదు. చూచుటకు దోషము లేదని పోయితిమి. అచట మాకు గుఱ్ఱములకంటె కంచె వింతగా తోచినది. పరుగుబాట లోపలి యంచున స్థిరమైన కంచె యుండగా, దానికి కొన్ని మీటర్లు వెలుపలగా మఱియొక తెల్లకంచెను నిలిపిరి. దీనిని ‘ఫాల్సు రెయిలు’ అందురు.

గుఱ్ఱములు దగ్గఱిదారికై లోపలి యంచునే పట్టి పరుగెత్తును. అందుచే నచటి పచ్చిక డెక్కల తాకిడికి నలిగి, నేల గుంతలు పడును. గుంతలో కాలు పడినచో గుఱ్ఱమునకును రౌతునకును ప్రాణాపాయము. కావున కొన్నాళ్లు ఆ భాగమును మూసి విశ్రాంతి నిత్తురు.

ఇందువలన దూరము మాఱును. ముగ్గు వేయునప్పుడు ఒక వలయము గీసి, జానెడు ఎడముగా వెలుపల మఱియొకటి గీయుడు. వెలుపలి గీత ఆఱు జానలకు మించి పొడవగును. వలయము పళ్లెమంతదైనను వాకిలియంతదైనను ఈ భేదమొక్కటే. పరుగుబాటయు నట్టిదే. తిన్నని భాగములలో దూరము పెరుగదు. కంచె 4 మీటర్లు జరిగినచో, అర్ధవలయమగు నొక మలుపున సుమారు 12న్నర మీటర్లు, రెండు మలుపుల 25 మీటర్లు హెచ్చును. గుఱ్ఱము సెకనునకు సుమారు 16 మీటర్లు పరుగెత్తును గనుక, ఒక్క మలుపునకే ముప్పాతిక సెకను హెచ్చు పట్టును.

ఆనాటి గుఱ్ఱములకెల్ల కంచె యొక్కటే గనుక గెలుపులో అన్యాయము లేదు. కాని నిన్నటి కాలమును నేటి కాలముతో పోల్చువారు కంచెను మఱచి, ‘ఈ గుఱ్ఱము మందగించినది’ అని తీర్పు చెప్పుదురు. నోరులేని జంతువు బదులు పలుకజాలదు. ఆ తీర్పును నమ్మి సొమ్మొడ్డినవాని నష్టము, తుదకు అతని యిల్లాలి నగలమీదికి వచ్చును.

కొన్నిచోట్ల బయలుదేరు గేటును ముందునకు జరిపి దూరమును సరిచేయుదురు. ఇంగ్లండున హెచ్చిన గజములను ప్రకటింతురు. అమెరికాలో కంచె యెన్ని అడుగులు జరిగినదో ఫలితపత్రమున వ్రాయుదురు. అచట గడియారము గేటు తెఱచినప్పుడు గాక, గుఱ్ఱములు కొంత పరుగెత్తి ఒక గుర్తును దాటినప్పుడు మొదలగును. గేటు వెనుకకు జరిగి గుర్తు కదలకున్నచో, గుఱ్ఱము వేగమందుకొని దాటును. కాలము తక్కువగా కనబడును. మన పత్రికలును ఫాల్సు రెయిలు వెడల్పును ప్రకటించుచున్నవి. ఆ చిన్న పంక్తియే తక్కిన అంకెలకు తాళపుచెవి.

సోదరీమణులారా! నలోపాఖ్యానమున నలునకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునకు సంఖ్యావిద్య తెలియును. ఆ రెండవ విద్యను గూడ బడసిన పిమ్మటనే నలుని కలి వీడెను. గుఱ్ఱము నెఱిగిన చాలదు, లెక్కయు నెఱుగవలెను. ఎంత కాలమున వచ్చెనని యడుగుటకు ముందు, ఎంత దారి పరుగెత్తి వచ్చెనని యడుగుట న్యాయము.