అత్తయ్య వెళ్ళేలోపు టమాటాలు

మిషిగన్‌లో టమాటాలు పండించాలంటే ముందు క్యాలెండర్ తీయాలి. మా వైపు మే నెల మధ్యదాకా రాత్రిళ్ళు మంచు పడి మొక్కలు మాడిపోయే భయం ఉంటుంది. అక్టోబర్ వచ్చేసరికి మళ్ళీ అదే భయం. మధ్యలో దొరికే నెలలు చాలవు కాబట్టి, ఆఖరి మంచుకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఇంట్లో నారు పోసుకోవాలి. అంటే బయట ఇంకా మంచు కరగకముందే, మార్చి ఆఖర్లో, మన హాల్లో టమాటా మొలకెత్తాలన్నమాట.

నాకు ఇది మొదటిసారి. ఈ ఏడే ఎందుకంటే, ఫిబ్రవరిలో మా అత్తయ్య వచ్చారు. మామయ్య పోయాక ఇదే మొదటి రాక. మదనపల్లె దగ్గర పల్లె వాళ్ళది. నలభై ఏళ్ళు టమాటా పండించిన మనిషి. ఇక్కడికొచ్చాక శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చోవడమే. టీవీ పెట్టినా చూడరు. గుడికి రమ్మంటే "మీరు పోయి రాండి" అంటారు. ఆగస్టు మొదటి వారంలో తిరుగు ప్రయాణం. అందుకే విత్తనాలు కొనేటప్పుడు కాయ సైజు గురించి ఆలోచించలేదు. నాటిన యాభై రోజులకే కాపుకొస్తుందని పేరున్న ఎర్లీ గర్ల్ రకం తెచ్చాను.

నారుకి పెరట్లో మట్టి పనికిరాదు. ట్రేలో గట్టిపడిపోతుంది, తెగుళ్ళూ తెస్తుంది. నారు కోసమే అమ్మే తేలికపాటి మిశ్రమం తెచ్చి తడిపి, గుంటకి రెండు గింజల చొప్పున పావు అంగుళం లోతులో పెట్టాను. అత్తయ్య లేచి వచ్చి, పిడికెడు తీసి పిండి చూశారు. "మా పక్క నర్సరీల్లోనూ కొబ్బరిపొట్టులోనే పోస్తారు. నీళ్ళు మాత్రం పైనుంచి పొయ్యొద్దు, నారుకుళ్ళు వస్తాది" అన్నారు. ఆ నెలలో ఆవిడ మాట్లాడిన పెద్ద మాట అదే.

మొలకెత్తడానికి వెచ్చదనం కావాలి, డెబ్భై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా. మొలక కనిపించిన క్షణం నుంచి కావలసింది వెలుతురు. ఇక్కడి కిటికీ ఎండ చాలదు. మొక్కలు వెలుతురు కోసం సాగి సాగి దారాల్లా అయిపోతాయి. ఎల్ఈడీ లైటు మొక్కల తలకి మూడంగుళాల ఎత్తులో, రోజుకి పదహారు గంటలు వెలగాలి. మావి ఆరో రోజుకి తలలు వంచుకుని పైకి లేచాయి. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆరింటికి దేవుడికి దీపం పెట్టి, వెంటనే ఈ లైటు వెయ్యడం అత్తయ్య పనైపోయింది.

రెండు మొలకల్లో ఒకదాన్ని తీసెయ్యాలి. పీకితే రెండోదాని వేళ్ళు కదులుతాయి, కత్తెరతో మొదట్లోకి కత్తిరించాలి. నాకు చెయ్యి ఆడలేదు. ఆవిడే కత్తిరించారు. రోజూ అరచేత్తో మొక్కల తలలు నిమిరేవారు. "గాలి తగలకుంటే కాడకి బలం ఎట్లొస్తాది?" అని. నిజంగానే అలా కదిలిస్తే కాడలు గట్టిపడతాయి. అసలు ఆకులు రెండు జతలు వచ్చాక పెద్ద కుండీల్లోకి మార్చాం, మొదట వచ్చిన రెండాకుల దాకా కాడని పూడ్చి. టమాటాకి కాడ పొడుగునా వేళ్ళొస్తాయి.

మే మధ్యలో అసలు పని వచ్చింది. ఇంట్లో పెరిగిన మొక్కని ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పదిరోజులు అలవాటు చెయ్యాలి. ఉడతలకి కాపలా కూడా ఉండాలి. "నేను కూచుంటాలే" అన్నారు అత్తయ్య. మొదటి రోజు శాలువా, స్వెట్టరుతో కుర్చీ వేసుకుని ఆ గంటా కూర్చున్నారు. నాలుగో రోజుకి శాలువా లోపలే ఉండిపోయింది. వారం తిరిగేసరికి పక్కింటి గుజరాతీ పెద్దావిడతో కంచె దగ్గర నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, మొక్కలు చూపించుకుంటూ నవ్వుకుంటున్నారు.

మెమోరియల్ డే సెలవుల్లో పన్నెండు మొక్కలు పెరట్లో నాటాం. అప్పటినుంచి యాభై రోజులంటే జులై మధ్యకి. చలి ఎక్కువైతే ఇంకో పది పదిహేను రోజులు. నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతుంటే అత్తయ్య అన్నారు, "పండకుంటే ఏమి? పచ్చికాయలే చెనక్కాయ గింజలేసి ఊరిబిండి నూరతా. సంగట్లోకి బాగుంటాది."

నిన్న సరుకుల చీటీ రాస్తుంటే రాగిపిండి కూడా రాయించారు.