నడుస్తున్నదాన్ని ఆపకుండా మార్చడం ఎలా? (సీఎస్ఈ గురించి అడిగిన చెల్లికి)

పోస్టు కొంచెం పెద్దదే. మెస్ లైన్లో నిలబడి చదివెయ్యండి.

పోయిన వారం ఇంటర్ సెకండియర్ చదివే ఒక చెల్లి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, సీఎస్ఈ తీసుకుంటే మనలాంటోళ్లకి అర్థమైతదా? ఇక్కడ ఒక సారు వద్దన్నరు, మనకి కష్టమన్నరు." అవును, కాదు అని ఒక్క ముక్కలో ఏం చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అందుకే థర్డ్ ఇయర్‌లో నేను సెమినార్ ఇచ్చిన టాపిక్‌నే ఇక్కడ రాస్తున్నా. చదివి, అర్థమైందో లేదో ఆ చెల్లే చెప్పాలి.

చాలా కంప్యూటర్లు కలిసి ఒకే పని చేస్తుంటాయి. బ్యాంకు లెక్కలు, రైలు టికెట్లు అన్నీ అలాంటివే. ఆ పని నడుస్తుండగానే వాటిని మార్చాల్సి వస్తుంది. ఒక మిషన్ పాడైతే తీసెయ్యాలి, జనం పెరిగితే రెండు కలపాలి, లోపలి ప్రోగ్రాం పాతదైతే కొత్తది పెట్టాలి. ఆపి మార్చుకోవచ్చు కదా అంటారేమో, ఆపితే అవతల లక్షల మంది ఆగిపోతారు. కష్టం ఎక్కడంటే, అన్ని మిషన్లూ ఒకే క్షణంలో మారవు. మధ్యలో కొంతసేపు కొన్ని పాతగా, కొన్ని కొత్తగా ఉంటాయి. ప్రమాదమంతా ఆ కొంతసేపట్లోనే.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల వ్యాపారం చేసే కంపెనీ ఉండేది. 2012లో వాళ్లు 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాం పెట్టాల్సి ఉండగా 7 సర్వర్లలోనే పెట్టారు, ఒకటి మిగిలిపోయింది. ఆ ఒక్కదాంట్లో, 2003 నుంచే వాడకం మానేసిన పాత ప్రోగ్రాం ముక్క ఇంకా ఉంది. కొత్త ప్రోగ్రాంని నడిపించే గుర్తు, ఆ పాత ముక్కని లేపే గుర్తు ఒకటే. ఆగస్టు 1 పొద్దున మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్ ఆపకుండా షేర్లు కొంటూ అమ్ముతూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో పోయిన డబ్బు 46 కోట్ల డాలర్లకు పైనే. నాకు ఇంకా విచిత్రంగా అనిపించింది ఏంటంటే, కంగారులో వాళ్లు బాగున్న ఏడింటిలోంచి కొత్త ప్రోగ్రాం తీసేశారు. దాంతో ఆ ఏడూ కూడా ఎనిమిదోదానిలాగే తయారయ్యాయి.

మరి దీన్ని సరిగ్గా చెయ్యడం ఎలా? మిషన్లు కలపడం, తీసెయ్యడం వరకు నాకు బాగా నచ్చిన జవాబు రాఫ్ట్ అనే పద్ధతిలో ఉంది. 2014లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన డియేగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ దీని పేపర్ రాశారు. అంతకుముందు ఉన్న పాక్సోస్ అనే పద్ధతి చాలామందికి తలకెక్కేది కాదు, అందుకే అర్థమయ్యేలా ఉండటమే మా లక్ష్యం అని పేపర్ పేరులోనే పెట్టుకున్నారు. 43 మంది స్టూడెంట్లకి రెండూ నేర్పి పరీక్ష పెడితే 33 మందికి రాఫ్ట్‌లోనే ఎక్కువ మార్కులొచ్చాయి. చెల్లీ, అర్థం కాకపోవడం అనేది అన్నిసార్లూ చదివేవాళ్ల లోపం కాదు. చెప్పే పద్ధతిది కూడా అవ్వొచ్చు.

మా అమ్మకి ఫోన్‌లో ఎలా చెప్పానో అలాగే చెప్తా. (అమ్మకి కోయలో చెప్పా. సర్వర్‌ని మాత్రం సర్వర్ అనే అన్నా.) భూమి పండుగ చందాల లెక్క ముగ్గురు పెద్దలు చూస్తున్నారనుకో. ముగ్గురిలో ఇద్దరు ఊ అంటే ఖర్చు పెట్టొచ్చు. వాగు అవతలి గుంపు నుంచి ఇద్దర్ని కలిపి ఐదుగురిని చేద్దామన్నారు. ఇప్పుడు ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకోవాలి. కబురు మూడో పెద్దకీ, కొత్త ఇద్దరికీ అందింది. మొదటి ఇద్దరికీ ఇంకా అందలేదు. ఆ ఇద్దరు "ముగ్గురిలో ఇద్దరం ఉన్నాం" అని డబ్బంతా పెట్టి మేకని బేరమాడారు. ఇటు ముగ్గురు "ఐదుగురిలో ముగ్గురం" అని అదే డబ్బుతో బియ్యం బేరమాడారు. ఎవరూ రూల్ తప్పలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. ఉన్న డబ్బు మాత్రం ఒక్కటే. అమ్మ వెంటనే "అందరూ ఒకచోట కూర్చుంటే సరిపోద్ది కదా" అంది. ఊళ్లో అయితే నిజమే. మిషన్లు ఒకదాన్నొకటి చూడలేవు, కబుర్లు పంపుకోవడమే. కబురు ఆలస్యమైందా, అవతలి మిషన్ చచ్చిపోయిందా అన్నది కూడా వాటికి తెలియదు.

రాఫ్ట్ ఏం చేస్తుందంటే పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి నేరుగా దూకదు. మధ్యలో ఒక దశ పెడుతుంది. ఆ దశలో ఏ నిర్ణయానికైనా పాత ముగ్గురిలో ఇద్దరూ ఒప్పుకోవాలి, విడిగా లెక్కపెడితే కొత్త ఐదుగురిలో ముగ్గురూ ఒప్పుకోవాలి. ఈ మధ్య దశ కూడా మామూలు లెక్కలాగే లీడర్ చిట్టాలో ఒక పద్దుగా ఎక్కుతుంది. ఆ పద్దుకి రెండు వైపులా మెజారిటీ వచ్చాకే "ఇక కొత్త ఐదుగురే" అనే రెండో పద్దు రాస్తారు. పాతవాళ్లు ఒక్కళ్లే, కొత్తవాళ్లు ఒక్కళ్లే విడివిడిగా తేల్చేసే క్షణం అసలు రాదు. కొత్తగా వచ్చినవాళ్లు పాత చిట్టా మొత్తం రాసుకునేదాకా ఓటు లేకుండా కూర్చుంటారు.

ఒక్కొక్క మిషన్‌నే మారిస్తే మధ్య దశ అక్కర్లేదని ఒంగారో తన థీసిస్‌లో తేలిక దారి కూడా చెప్పాడు. అందులో ఒక లోపం ఉందని 2015లో ఆయనే బయటపెట్టి, సరిచేసే దారీ చెప్పాడు.

చదవడంతో ఆగకుండా చేసి కూడా చూశా. ఎట్సీడీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, రాఫ్ట్‌తోనే నడుస్తుంది, పెద్ద పెద్ద కంపెనీలు వాడే కుబర్నెటీస్ తన లెక్కలన్నీ దీంట్లోనే దాచుకుంటుంది. నాకు లాప్‌టాప్ లేదు. రూమ్మేట్‌ది తీసుకుని, రాత్రి 11 తర్వాత అందులోనే మూడు సభ్యుల్ని నడిపా. ఒకదాన్ని కావాలని చంపేశా. మిగిలింది రెండు, మూడింటిలో రెండు చాలు కాబట్టి పని నడుస్తూనే ఉంది. ఇప్పుడు చచ్చినదాన్ని ముందు తీసెయ్యాలా, కొత్తదాన్ని ముందు కలపాలా? కొత్తది ముందు కలపడమే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. కలిపితే సభ్యులు నాలుగు అవుతారు, మెజారిటీకి మూడు కావాలి, బతికున్నవి రెండే. కొత్తది ఏ కారణంతోనైనా లేవకపోతే అంతా ఆగిపోతుంది. దాన్ని తీసెయ్యాలన్నా మెజారిటీ కావాలి, అదే లేదు! ఎట్సీడీ మామూలుగా ఈ పని చెయ్యనివ్వదు. ఆ అడ్డు సెట్టింగ్‌ని కావాలని ఆపి, కొత్త సభ్యుడికి లేని అడ్రస్ ఇచ్చి చూశా. నిజంగానే బిగుసుకుపోయింది. చచ్చినదాన్ని ముందు తీసేస్తే సభ్యులు రెండు, ఇద్దరూ బతికే ఉన్నారు. తర్వాత కలిపితే మూడు, అందులో రెండు చాలు. కొత్తది లేవకపోయినా నష్టం లేదు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. రేషన్ డిపో దగ్గర "సర్వర్ డౌన్, రేపు రండి" అనే మాట వినని ఇల్లు మన దగ్గర ఉందా? మా అమ్మ నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లి, వేలిముద్ర పడక, ఖాళీ సంచితో తిరిగొచ్చిన రోజులున్నాయి. ఒక రోజు కూలి కూడా పోయింది. సిగ్నల్ వల్ల కావచ్చు, మిషన్ వల్ల కావచ్చు, ఎక్కడో ఏదో మారుస్తుండటం వల్ల కావచ్చు. లైన్లో నిలబడ్డవాళ్లకి మాత్రం కారణం ఎవరూ చెప్పరు. ఆ మార్పులు చేసే గదుల్లో, అటువైపు లైన్లో ఎవరు నిలబడి ఉంటారో తెలిసినవాళ్లు కనీసం ఒకరిద్దరైనా ఉండాలని నాకు గట్టిగా ఉంటుంది.

సెమినార్ ముందు రోజు ఒక క్లాస్‌మేట్ "నీకు ఈజీ టాపిక్ ఇవ్వమని అడగొచ్చుగా" అంది. ఎందుకు "నీకు" అందో నాకు తెలుసు, మీకూ తెలుసు. మర్నాడు బోర్డు మీద ముగ్గురు పెద్దల్నీ, ఐదుగురు పెద్దల్నీ గీసే చెప్పా. మేడం ఒకటే ప్రశ్న వేశారు. తీసేసిన సర్వర్‌కి తనని తీసేసిన సంగతి తెలియకపోతే? దానికి లీడర్ నుంచి కబుర్లు ఆగిపోతాయి కాబట్టి, లీడర్ పోయాడనుకుని మాటిమాటికీ ఎలక్షన్ పెట్టి మిగతావాళ్లని సతాయిస్తుంది. ఇప్పుడున్న లీడర్ మాట ఈమధ్యే విన్న సర్వర్లు అలాంటి ఓటు అడుగుడుని పట్టించుకోవు అని చెప్పా. మేడం తల ఊపి, రెండో వరసలో కూర్చున్నవాళ్లని అదే ప్రశ్న అడిగారు.

చెల్లీ, ఎక్కడ ఆగిపోయావో ఆ పేరా మాత్రం నాకు పంపు. ఎట్సీడీ ఉచితంగానే దొరుకుతుంది, మామూలు లాప్‌టాప్ ఒక్కటి చాలు. నేను టైప్ చేసిన కమాండ్లన్నీ ఒక నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఆదివారం ఫొటోలు తీసి గ్రూపులో పెడతా.