జానెడు కంటే ఎక్కువ, మూరెడు కంటే తక్కువ

మన పెద్దవాళ్లకు కొలతబద్దతో అట్టే పని వుండేది కాదు. అరచెయ్యి చాపి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలిస్తే జానెడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిస్తే మూరెడు. పూలు మూరల్లో కొన్నారు. పొట్టను జానెడని చెప్పుకున్నారు. అంగుళాల్లో అయితే జాన 9, మూర 18. ఈ లెక్కన మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం, అంటే 66 అంగుళాలు, నాలుగు మూరలకు కొంచెం తక్కువ. డార్జిలింగు కొండ ఎక్కే బుల్లిబండి పట్టాల ఎడం 24 అంగుళాలు. మూర మీద మరికొంచెం. అంతకంటే కూడా తగ్గించి, మనుషులు ఎక్కి ప్రయాణం చేసే రైలు వేయవచ్చునా? వేస్తే, ఎంతవరకు తగ్గించవచ్చు?

ఈ ప్రశ్నను పట్టుకుని, దాని జవాబు కోసం తన పెరటి అడవిలోనే నలభై ఏళ్లకు పైగా రైలు నడిపిన పెద్దమనిషి ఒకాయన వున్నాడు. ఆయన పేరు సర్ ఆర్థర్ హేవుడ్. వూరు ఇంగ్లండులో, డార్బీషైరు జిల్లాలో, డఫీల్డ్.

కొన్నేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఇంగ్లండు వెళ్లినప్పుడు, అందరూ చూసే కోటలూ గడియార స్తంభాలూ చూడటం పూర్తయిన తరవాత, నేనూ, నా భార్యా, పదకొండేళ్ల మా అమ్మాయీ డార్బీ పట్నంలో రైలెక్కి డఫీల్డ్‌లో దిగాం. పది నిమిషాల ప్రయాణం కూడా కాదు. డెర్వెంట్ నది పక్కన పచ్చని లోయ. ఆ లోయ వెంబడి 1840లోనే జార్జి స్టీఫెన్‌సన్ పెద్ద రైలుదారి వేయించాడు; ఇప్పటికీ బండ్లు దాని మీదనే పోతున్నాయి. నదికి అవతల నిటారుగా లేచిన కొండవాలు, దాని నిండా చెట్లు. ఆ చెట్ల మధ్యనే హేవుడ్ గారి ఇల్లు వుండేది, ఆయన రైలు వుండేది.

"నాన్నా, రైలేదీ?" అంది మా అమ్మాయి.

"ఇప్పుడు లేదమ్మా. వుండేది."

"లేని రైలును చూడటానికి ఇంత దూరం వచ్చామా?"

"మీ నాన్నగారికి వున్నవాటి కంటే లేనివాటి మీదనే మక్కువ ఎక్కువ" అని నా భార్య తీర్పు చెప్పేసింది. నేను కాదనలేకపోయాను. ఆ తోటలు ఇప్పుడు పరుల సొత్తు. లోపలికి పోయే హక్కు మనకు లేదు. రోడ్డు మీద నిలబడి, కొండవాలును చేత్తో చూపిస్తూ, నాకు తెలిసిన కథ వాళ్లకు చెప్పాను. పాఠకులకు కూడా అదే చెబుతాను.

హేవుడ్ 1849లో పుట్టాడు. కలిగిన కుటుంబం. చిన్నతనంలో డవ్‌లీస్ అనే తమ ఇంటి దగ్గర తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కడానికని 9 అంగుళాల ఎడంతో, అంటే సరిగ్గా జానెడు ఎడంతో, ఒక చిన్న రైలుదారి వేశాడు. కేంబ్రిడ్జిలో శాస్త్రం చదువుకుని 1872లో పట్టం పుచ్చుకున్నాడు. ఆ యేడే పెండ్లి చేసుకుని డఫీల్డ్‌లో కాపురం పెట్టాడు. ఆ రోజుల్లో జమీందారీ బిడ్డ ఇంజనీరు ఉద్యోగం చేసి జీతం పుచ్చుకోవడం మర్యాద అనిపించుకోదు. కాని చేతులు వూరుకోవు గదా! ఇంటి దగ్గరనే సొంతంగా కార్ఖానా పెట్టుకున్నాడు. 1874లో కొండవాలు మీద పట్టాలు పరచడం మొదలుపెట్టాడు.

చిన్ననాటి జానెడు రైలు ఆయనకు ఒక పాఠం నేర్పింది. ఇంజనును చిన్నది చేయడం సులభం; పెట్టెల్ని చిన్నవి చేయడం సులభం; మనిషిని చిన్నవాణ్ణి చేయడం మాత్రం ఎవరి తరమూ కాదు. బండి ఎంత బుల్లిదైనా దాంట్లో కూర్చునేవాడి బరువు తగ్గదు, పొడవు తగ్గదు. జానెడు పట్టాల మీద కూర్చున్న మనిషి, పక్కన పూచిన పువ్వు కోసం కాస్త వంగాడంటే, అతనితోపాటు బండీ వంగుతుంది. అటు చూస్తే సైన్యం ఇంజనీర్లు 18 అంగుళాల దారిని, అంటే మూరెడు దారిని, పరీక్ష చేస్తున్నారు. హేవుడ్ గారు లెక్కలు కట్టి, రెంటికీ నడుమ 15 అంగుళాల దగ్గర ఆగాడు. మనిషి నిబ్బరంగా కూర్చుని పోవడానికి అంతకంటే తగ్గకూడదు. బరువులు చవకగా మోయడానికి అంతకంటే పెరగనక్కరలేదు. ఇదీ ఆయన సిద్ధాంతం.

ఆ కొండవాలు మామూలు వాలు కాదు. పది, పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకెక్కాలి. మలుపుల్లో కొన్ని 25 అడుగుల వ్యాసార్ధంలోనే తిరిగిపోవాలి. అంటే మన పల్లెటూళ్లో ఒక పెద్ద లోగిలి చుట్టూ రైలు తిరిగినట్టు. ఇటువంటి దారికి బజార్లో ఇంజను దొరకదు. అందుకని ఆయన తానే తయారు చేశాడు. మామూలు ఇంజనులో నిప్పుగూడు చట్రం మధ్యకు దిగి వుంటుంది. పట్టాల ఎడం ఇంత తక్కువైనప్పుడు దానికి చోటు చాలదు. కనుక నిప్పుగూటిని గుండ్రని గొట్టంలాగా బాయిలరు కడుపులోనే ఇమిడ్చాడు. బరువంతా లాగే చక్రాల మీదనే పడితే పట్టు జారదని, చక్రాలన్నిటికీ ఇంజను శక్తి అందేట్టు చేశాడు. ఆరు చక్రాలు, ఎనిమిది చక్రాలు వున్న ఇంజను ఆ ఇరుకు మలుపుల్లో బిగుసుకుపోకుండా, ఇరుసులు మలుపును బట్టి తామే సర్దుకునే ఏర్పాటు కనిపెట్టాడు. 1875లో మొదటి ఇంజను 'ఎఫీ'. ఆ మాట ఆయన భార్య పేరులోనిదే. 1881లో 'ఎల్లా', 1894లో 'మురియల్'.

దారి మొత్తం సుమారు మైలు. ఆ మైలులోనే ఆరు స్టేషన్లు, మూడు సొరంగాలు, చెట్ల మధ్య పల్లాన్ని దాటడానికి కొయ్యవంతెన. పొలమూ కార్ఖానా వున్న చోట బయలుదేరి, కొండ ఎగబాకి, పైన అడవిలో తిరిగేది బండి. పెట్టెల్లో ఒకటి భోజనాల పెట్టె. అందులో వంట పొయ్యి కూడా వుండేది. ఇంకొకటి పడక పెట్టె! మైలు దూరం పోయే రైలులో పడుకునేదెప్పుడు, లేచేదెప్పుడు అని మనకు నవ్వు వస్తుంది. కాని ఆయన దృష్టి వేరు. ఇంత చిన్న పట్టాల మీద పెద్ద రైలు చేసే పనులన్నీ చేయించవచ్చునని లోకానికి చూపించాలి. ఇంట్లోవాళ్లు, చుట్టాలు, పిల్లలు ఎక్కి తిరిగే ఆ బండి ఆయనకు పరీక్షశాల.

ఇక్కడ ఒక మాట వివరించాలి. చిన్నది వేరు, చిన్న బొమ్మ వేరు. మన ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. అందులో రైలుబొమ్మ వుంటుంది. అది పెద్ద రైలుకు నకలు. చూసి ముచ్చటపడటం దాని ప్రయోజనం. హేవుడ్ ఇంజన్లు దేనికీ నకళ్లు కావు. అందానికి మొగం చూడనివి. మొరటుగా, పొట్టిగా, పొలం పనికి వంగిన కూలిమనిషి లాగా వుంటాయి. పెద్ద పెద్ద కమతాల్లో, గనుల్లో, రాళ్లూ బొగ్గూ ఎరువూ కలపా గుర్రబ్బండ్ల మీద తోలుతున్నారు గదా, ఆ చాకిరీ ఈ 15 అంగుళాల రైలు చేస్తుందని ఆయన వాదం. 1881లో ఈ విషయం మీద పుస్తకమే రాశాడు. ఆ యేడు డార్బీలో పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగితే, వచ్చినవాళ్లను పిలిచి తన దారి మీద తిప్పాడు. వచ్చారు, ఎక్కారు, ఆనందించారు, మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. కొన్నవాళ్లు లేరు.

చివరికి ఒకే ఒక్క పెద్ద గిరాకీ దొరికింది. వెస్ట్‌మినిస్టరు డ్యూకు తన ఈటన్ హాలు జమీకి అటువంటి దారి వేయించుకున్నాడు. 1896 నాటికి పూర్తయింది. మూడు మైళ్ల దూరంలో వున్న పెద్ద రైలుదారి నుంచి బొగ్గు, ఇటుకలు, రోడ్డు రాళ్లు మోసింది. అర్ధశతాబ్దం మోసింది. సిద్ధాంతం నిజమేనని రుజువయింది. కాని తక్కిన జమీందారులు ఆ రుజువు కోసం ఎదురు చూస్తున్నట్టు లేదు. సైన్యం 60 సెంటీమీటర్ల దారి వైపు మొగ్గింది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలకు గుండ్లు మోసినవి ఆ దారులే. ఇంతలో మోటారు లారీ కూడా వచ్చేసింది.

హేవుడ్ గారు 1916లో కన్నుమూశారు. ఆయనకు చర్చి గంటలు మోగించే విద్యలో కూడా గొప్ప ప్రవేశం వుండేది. ఇంగ్లండు గంటలు మోగించేవారందరికీ 1891లో ఒక కేంద్ర సంఘం ఏర్పాటు చేసి, చివరిదాకా దానికి అధ్యక్షుడుగా వున్నాడు. ఆ సంఘం ఇవాళా వుంది. ఇంటి రైలు మాత్రం ఆయనతోనే ఆగిపోయింది. పదిమంది చేతుల మీద నడిచేది మనిషి పోయినా నడుస్తుంది. ఒక్కడి ముచ్చట మీద నడిచేది ఆ ఒక్కడితో పోతుంది. పట్టాలు పీకేశారు. ఇంజన్లు అమ్మేశారు.

అయితే కథ అక్కడ ముగియలేదు. నేను మా అమ్మాయికి "వున్న రైలు చూపిస్తాను" అని మాట ఇచ్చి, మరునాడు వాయవ్యంగా సముద్రపు ఒడ్డున వున్న రావెన్‌గ్లాస్‌కు తీసుకుపోయాను. ఇర్ట్, మైట్, ఎస్క్ అనే మూడు చిన్న నదులు కలిసి సముద్రంలో పడే చోట వుంది ఆ వూరు. కొండల్లో దొరికే ఇనపరాయి మోయడానికి 1875లో అక్కడ 36 అంగుళాల దారి, మన లెక్కలో రెండు మూరల దారి, వేశారు. అది గిట్టుబాటు కాక 1913లో మూతపడింది. 1915లో బాసెట్ లోక్ అనే బొమ్మ రైళ్ల వ్యాపారి, ఆయన భాగస్తులూ దాన్ని తీసుకుని 15 అంగుళాలకు కుదించారు. ఆయన తెచ్చినవి పెద్ద ఇంజన్లకు నకళ్లు, చూడముచ్చటైనవి. కాని ఏడు మైళ్ల కొండదారి, రోజూ చాకిరీ! పది పన్నెండేళ్లలో అవి అలిసిపోయాయి. ఆ లోపల డఫీల్డ్ నుంచి ఎల్లా, మురియల్ వచ్చి చేరాయి. 1927లో మురియల్‌కు కొత్త బాయిలరు అమర్చి, పేరు మార్చి, 'రివర్ ఇర్ట్' అన్నారు. కింద చట్రం మాత్రం హేవుడ్ గారిదే. నడిచే 15 అంగుళాల ఇంజన్లలో లోకంలో అన్నిటికంటే పాతది అదేనని చెబుతారు.

మేము టిక్కెట్లు తీసుకుని కప్పులేని పెట్టెలో కూర్చున్నాం. మోకాళ్లు గడ్డానికి దగ్గరగా వచ్చాయి. చెయ్యి చాపితే దారి పక్కన గడ్డి తగులుతుంది. ఇంజను కూత వేసింది. పెద్ద రైలు కూతకు తీసిపోదు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అని నా భార్య నవ్వింది. కాసేపు చిత్తడి నేల, సముద్రపు గాలి. తరవాత కొండ అంచున చెట్ల నీడ. ఆ తరవాత గొర్రెలు మేసే లోయ. నలభై నిమిషాల్లో ఏడు మైళ్లు పోయి డేల్‌గార్త్ చేరాం. అక్కడ ఇంజనును గుండ్రని తిరుగుడు వంతెన మీదకు ఎక్కించి, మనుషులే భుజాలతో నెట్టి ముఖం తిప్పారు. అది చూస్తే మా అమ్మాయికి రైలు ఎక్కినదానికంటే సంతోషమైంది.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి మరొకటి. ఈ దారి సరదా ప్రయాణీకుల డబ్బుతో మాత్రమే బతకలేదు. కొండల్లో తవ్విన నల్లరాయిని ఏళ్ల తరబడి ఈ 15 అంగుళాల పట్టాలే మోశాయి. హేవుడ్ ఏ పని కోసం తపించాడో ఆ పనే! 1953లో రాతిగని మూతపడ్డాక కష్టకాలం వచ్చింది. 1960లో దారిని వేలం వేశారు. పాతయినుముగా పోవలసిందే. అయితే దాని మీద మమకారం వున్నవాళ్లు సంఘంగా చేరి, కలిగినవాళ్ల సాయం తీసుకుని, పాట పాడి దక్కించుకున్నారు. పని చేసినంతకాలం పని దాన్ని పోషించింది. పని పోయిననాడు ప్రేమ వచ్చి నిలబెట్టింది. ఆ ప్రేమ వచ్చేదాకా బతికి వుండాలంటే ముందు గట్టిగా తయారై వుండాలి. నకలు ఇంజన్లు దాకా రాలేదు. చాకిరీ కోసం పుట్టిన మురియల్ వచ్చింది.

కుటుంబాలు ఎక్కి తిరిగే అడవి రైలు అన్న ఆలోచన కూడా హేవుడ్‌తో పోలేదు. ఇంగ్లండులోనే, డీన్ అడవి అంచున కోల్‌ఫర్డ్ దగ్గర, పెరిగ్రోవ్ అనే పొలంలో 1996లో 15 అంగుళాల దారి తెరిచారు. దూరం మైలు కూడా వుండదు; చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. వేసినవాళ్లు హేవుడ్ పద్ధతినే ఆదర్శంగా పెట్టుకున్నారు. ఆయన ఈటన్ హాలుకు చేసిన 'ఉర్సులా' ఇంజనుకు అచ్చంగా సాటి ఇంజను ఒకటి 1999లో తయారై ఆ పట్టాల మీద నడిచింది.

హేవుడ్ గారు ఇప్పుడు వుండి చూస్తే ఏమంటారో! "నేను బొగ్గు మోయడానికి కనిపెట్టాను, మీరు పిల్లల్ని మోయిస్తున్నారు" అని కసురుకుంటారేమో. కాని ఆయన లెక్క ఏమిటి? మనిషి నిబ్బరంగా కూర్చుని పోవడానికి ఎంత ఎడం చాలునన్నదే గదా! బొగ్గుకు నిబ్బరంతో పని లేదు, ఒరిగితే ఒరుగుతుంది. కూర్చునే మనిషిని తలుచుకునే ఆయన జానెడు దగ్గర ఆగకుండా 15 అంగుళాల దాకా వచ్చాడు. ఆ ఆరంగుళాలూ మనిషి కోసం వేసినవి. ఇవాళ ఆ దారుల మీద ఒడిలో బిడ్డను కూర్చోబెట్టుకుని పోతున్న తల్లులు ఆ ఆరంగుళాల మీదనే కూర్చుని వున్నారు.