హంద్రి నీటి వెంట హంసలదీవి దాక

కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న మా దేవనకొండకును సముద్రమునకును ఏమి సంబంధమని సోదరీమణులు నవ్వవచ్చును. మాది వాననమ్మిన మెట్టసీమ. వేరుసెనగ విత్తుటకు మబ్బువంక చూచుటయే కాని, కెరటము వంక చూచుట మా వా రెఱుగరు. అయినను మా చేలపై కురిసి పాఱిన నీరు హంద్రిలో చేరును. హంద్రి గాజులదిన్నె జలాశయమును నింపి, కర్నూలు నొద్ద తుంగభద్రలో కలియును. తుంగభద్ర కృష్ణవేణిని చేరును. కృష్ణ శ్రీశైలము, నాగార్జునసాగరము, బెజవాడ ఆనకట్ట దాటి, దివిసీమలో హంసలదీవి కడ సాగరునిలో నైక్యమగును. కావున మా యూరి చినుకునకు అత్తవారిల్లు బంగాళాఖాతమే.

ఈ నీటి జాడ వెంట మాఘపూర్ణిమాస్నానమునకై మా యింటివారితోను, అత్తగారితోను పయనమైతిని. తొలి మజిలీ కర్నూలు. 2009 అక్టోబరు మొదట తుంగభద్రయు హంద్రియు నొక్కసారి పొంగి యీ పట్టణమును ముంచివేసినవి. వేసవిలో ఇసుక మాత్రమే చూపు హంద్రి యట్టి రౌద్రము దాల్చగలదని, ఆ వంతెనపై నిలిచినపుడు నమ్మశక్యము కాదు. పిమ్మట బెజవాడ చేరి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవికి పోతిమి. దారి పొడవునను పచ్చని పొలములు, కాలువలు, కొబ్బరిచెట్లు. ఎఱ్ఱమట్టి కన్నులకది వేఱొక లోకము. వేణుగోపాలస్వామిని సేవించి, సంగమమున స్నానమాడి, ఒడ్డున కూర్చుంటిమి.

అచ్చట చేపలారబోయుచున్న యొక ముదుసలితో మా యత్తగారు మాట కలిపిరి. “అవ్వా, ఈ నీళ్లను చూస్తే నీకు భయం గాదా?” అని యడుగగా నామె, “కడలి మీద నవ్వుద్దమ్మా. కడుపులో ఏముందో మాత్రం చెప్పదు” అనెను. 1977 నవంబరు 19వ తేదీని ఈ దివిసీమపై విఱుచుకుపడిన యుప్పెన పదివేలకు పైగా ప్రాణములను బలిగొన్నది. ఆ దినమును తలచుకొని యామె మఱి మాటాడలేదు. మేమును మాటాడలేకపోతిమి.

కడలి కడుపులోని మాటను చెప్పించుటకే యిప్పుడు శాస్త్రజ్ఞులు గ్లైడరు అను యంత్రమును నీటిలోనికి పంపుచున్నారు. అది నిలువెత్తు మనిషియంత పొడవు గలిగి, రెండు చిన్న రెక్కలతో చేపను బోలియుండును. దానిలో మనుష్యుడుండడు, సాధారణముగా నీటిని చిమ్ము చక్రమును నుండదు. మఱి కదలుట యెట్లు? ఖాళీబిందె నీటిపై తేలును, నిండినది మునుగును గదా! అందును ఒక తిత్తి యుండి, తైలము దానిలోనికి పోయి యుబ్బినపుడు యంత్రము తేలును, ముడుచుకొనినపుడు మునుగును. గాలిలో గ్రద్ద రెక్క లాడింపకయే జాఱునట్లు, ఆ రెక్కల వలన యంత్రము మునుగుచును తేలుచును ముందునకు సాగును. గంటకు ఇంచుమించు ఒక కిలోమీటరే దాని నడక. అయినను వేయి మీటర్ల లోతు వఱకును దిగి, నీటి వేడిమిని, ఉప్పదనమును కొలుచుచు, నెలల తరబడి తిరుగును. నీటిలోపలి నుండి ఆకాశవాణి వలె వార్త పంపుట కుదురదు గనుక, పైకి వచ్చినపుడు ఉపగ్రహము ద్వారా తన లెక్కలను నేలకు తెలుపును. క్షీరసాగరమున కూర్మమూర్తి యడుగునకు దిగెనని పురాణములలో చదివిన మనకు ఈ మునుక క్రొత్త గాదు. మఱల పైకి వచ్చి కబురు చెప్పుటయే క్రొత్త.

ఈ యూహను 1989లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు హెన్రీ స్టామెల్ ఒక కథారూపమున ప్రకటించెను. ఇరువదియేండ్లకు, 2009లో, రట్గర్సు విశ్వవిద్యాలయమువారి గ్లైడరు 221 దినములలో అట్లాంటిక్కును దాటి స్పెయిను చేరినది. మన బంగాళాఖాతమునను 2016 నైరృతి ఋతువులో, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారును ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమువారును కలిసి చేసిన పరిశోధనలో ఇట్టివానిని విడిచిరి. ఋతుపవనముల గుట్టు ఈ కడలిలోనే కొంత దాగియున్నది గనుక ఆ శ్రమ.

ఇక్కడ మా హంద్రి మాట మఱల వచ్చును. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణలు తెచ్చు మంచినీరు తేలికయగుటచే పాలపై మీగడవలె ఉప్పునీటిపై పఱచుకొనును. సామాన్యముగా తుపాను గాలి అడుగునున్న చల్లని నీటిని పైకి కలచి, తన వేడిమిని తానే తగ్గించుకొనును. ఈ మీగడ దట్టముగా నున్నచోట ఆ కలయిక తగ్గి, పైనీటి వేడిమి నిలిచి, తుపానునకు బలమీయవచ్చును. ఈ పొర యెంత మందమో ఆకాశమునుండి చక్కగా తెలియదు. గాలివానకు ఓడలు రేవు చేరుకొనినను, గ్లైడరు నీటిలోనే యుండి కొలువగలదు.

సముద్రమును కనిపెట్టు మన దేశపు కేంద్రము కూడ మావలెనే కడలిలేని చోట నున్నది. 1999లో ఏర్పడిన ‘ఇన్‌కాయిస్’ హైదరాబాదు ప్రగతినగరమున వెలసినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007 నుండి సునామీ హెచ్చరికలు అచ్చటినుండియే వెలువడుచున్నవి. జాలరులకు చేపలుండు తావులను, పెద్ద యలల రాకను తెలుపుటయు దాని పనియే.

అయినను సోదరీమణులారా, యంత్రము కొలిచి, కేంద్రము తెలిపినను, ఆ మాట చివరకు చేరవలసినది గుడిసెలోని యిల్లాలి చెవికి. పిల్లలను చంకనెత్తుకొని, ముసలివారిని నడిపించుకొని, పశువుల త్రాళ్లు విప్పి మెఱకకు చేర్చునది యామెయే. స్నానమునకు సముద్రతీరమునకు పోవునపుడు మనమును ముహూర్తముతోపాటు హెచ్చరికను కూడ విచారింతము. మన పొలములో విత్తుటకు కావలసిన మబ్బును, ఆ ముదుసలి భయపడు కెరటమును ఒక్క కడలియే కనుచున్నది. దాని కడుపులోని మాటను తెలియగోరుట మెట్టవారి కైనను, తీరమువారి కైనను, సమానమైన యక్కఱ.